ఎంగిలి తీగ

మీ చిన్నత్త ఇల్లు, కిటికీ పక్క మంచం
కట్టు వేసిన ఆరో రోజు

మా వాగుడుకాయకి, అత్త దీవెనలు.

కాలు ఇంకా దిమ్ముగానే ఉంది. రెండు నెలల దాకా నేల మీద మోపితే ఊరుకోనని డాక్టరు బెదిరించాడు. మా వాటాకి మూడంతస్తుల మెట్లు కాబట్టి మీ చిన్నత్త నన్ను మూటగట్టి వాళ్ళ ఊరికి తెచ్చుకుంది. గోడకి చార్టు తగిలించబోయి స్టూలు మీంచి పడిన టీచరుని చూసి జాలిపడాలో నవ్వాలో ఇక్కడివాళ్ళు తేల్చుకోలేకపోతున్నారు.

నువ్వు నా క్లాసులో అడుగుపెట్టి నాలుగు రోజులైంది. శిక్షణ పూర్తిచేసి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్నావు కదా అని పెద్ద టీచర్‌కి నీ సంగతి నేనే చెప్పాను. ఉన్న మాట చెప్తాను, ఏమీ అనుకోకు. బయటి మనిషి వస్తే మళ్ళీ కదలదు. బస్సులో సీటు మీద రుమాలు వేసి దిగినట్టు నా నాలుగో తరగతి మీద నిన్ను వేసి వచ్చాను. రుమాలు సీటుకి అతుక్కుపోకూడదు.

పిల్లలు ముప్పై ఎనిమిది మంది. కిటికీ వైపు రెండో బెంచీ పిల్లని అందరం ఎందుకమ్మ అంటాం. ఏం చెప్పినా ఎందుకు అంటుంది. దానికి జవాబు చెప్పడం మొదలుపెడితే పీరియడు అయిపోతుంది, రేపు చెప్తానని దాటెయ్యి. లెక్కలు చేయించు, పద్యాలు వల్లె వేయించు, ఆకుల పాఠం చెప్పు. కరెంటు పాఠం మాత్రం ముట్టుకోకు. అది నా పాఠం. ఇరవై రెండేళ్ళుగా ఈ బడిలో బల్బు వెలిగించింది నేనే. సెల్లులూ హోల్డర్లూ వైర్లూ ఉన్న రేకు డబ్బా బీరువాలో ఉంది, తాళంచెవి నాతో తెచ్చుకున్నాను. వచ్చాక నేనే చెప్తాను.

ఫోన్ చెయ్యకు. ఫోనులో నీ నవ్వు ముందొస్తుంది, మాట తర్వాతొస్తుంది. ఉత్తరం రాయి. అక్షరాలు ఎలా ఉన్నాయో కూడా చూస్తాను.

అత్త


నాలుగో తరగతి గది, భోజనాల గంటకి ముందు

అత్తకి, నీ రుమాలు రాయునది.

కాలు నొప్పి తగ్గుతోందా? చిన్నత్త నిన్ను వంటింట్లోకి రానివ్వడం లేదని నాన్న చెప్పారు. వంట బాగా కుదరడానికి అదే కారణమని కూడా అన్నారు.

మొదటి వారం నేనేం చేసినా పిల్లలు "మా టీచర్ ఇలా చెయ్యదు" అన్నారు. తేదీ బోర్డుకి ఎడమ పక్క రాస్తే తప్పు, సుద్దముక్క రెండుగా విరిస్తే తప్పు, హాజరు కూర్చుని పిలిస్తే తప్పు. నువ్వు గదిలో లేకపోయినా గది నిండా నువ్వే ఉన్నావు. ఇప్పుడిప్పుడే నన్ను కొంచెం రానిస్తున్నారు. ఎందుకమ్మకి నువ్వు చెప్పినట్టే రేపు చెప్తానన్నాను. మర్నాడు నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి "రేపయింది టీచర్" అంది. ఇక దాటెయ్యడం నా వల్ల కాలేదు.

ఒక చిక్కు వచ్చింది. ఇంకో నెలలో తనిఖీ అధికారి వస్తారట. ఆయనకి చూపించాల్సిన పాఠాల్లో కరెంటు పాఠం ఉంది. నువ్వు వచ్చేదాకా ఆగుదామని పెద్ద టీచర్‌తో అన్నాను, కుదరదన్నారు. తాళంచెవి పంపిస్తే నీ డబ్బా జాగ్రత్తగా వాడి, ఎక్కడివి అక్కడే సర్దేస్తాను. ఆవిడ ఇంకేదో కూడా అన్నారు, అదంత ముఖ్యం కాదులే.

నీ మేనకోడలు


మీ చిన్నత్త ఇల్లు, అదే మంచం
కట్టు వేసిన ఇరవయ్యో రోజు

వాగుడుకాయకి,

తాళంచెవి ఎక్కడ పెట్టానో కనబడడం లేదు. ఆసుపత్రిలో బట్టలు మార్చినప్పుడు పడిపోయి ఉంటుంది. దొరికితే పంపుతాను.

పిల్లలు చేసిన కార్డులు అందాయి. ముప్పై ఎనిమిదీ మంచం మీద పరిచి చదివాను. ఇరవై ఒక్క కార్డుల్లో నువ్వున్నావు. కొత్త టీచర్ మాతోపాటు నేల మీద కూర్చుంటుందట. కొత్త టీచర్‌కి ఈల వెయ్యడం వచ్చట. నా కాలి బొమ్మ వేసి, పక్కన నా కాలికన్నా పెద్దగా నీ బొమ్మ వేసింది ఒక పిల్ల. ఇంకొకడు "త్వరగా కోలుకోండి టీచర్, కానీ తొందరేం లేదు" అని రాశాడు. వాడు మంచి మనసుతోనే రాశాడని నాకు తెలుసు. అయినా ఆ పూట ముద్ద దిగలేదు.

నీ దగ్గర దాపరికం ఎందుకు? నాకు కుళ్ళుగా ఉంది. యాభై ఆరేళ్ళ మనిషిని, సొంత మేనకోడలి మీద కుళ్ళుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. నువ్వు నేల మీద కూర్చోవద్దు. రేపు నేను వచ్చాక ఈ మోకాళ్ళతో ఎక్కడ కూర్చోను?

పెద్ద టీచర్ అన్న ఆ ఇంకేదో ఏమిటో రాయి.

అత్త


మధ్య వరండా, బడి వదిలాక

అత్తకి,

నీ కుళ్ళు గురించి చదివి నవ్వాను, మళ్ళీ నవ్వినందుకు బాధపడ్డాను. నువ్వంటే పిల్లలకి ప్రాణం. నేను కొత్త కాబట్టి నన్ను చూస్తున్నారు, అంతే.

తాళంచెవి లేకపోయినా పాఠం చెప్పేశాను. కోప్పడకు. సెల్లులు పిల్లలే ఇళ్ళ నుంచి తెచ్చారు, పాడైన బొమ్మల్లోవి కొన్ని, గోడ గడియారాల్లోవి కొన్ని. ఇద్దరు తల్లులు వచ్చి మా ఇంట్లో గడియారం ఎందుకు ఆగిందో చెప్పమన్నారు. టార్చి బల్బులు కొట్లో కొన్నాను. వైరు ముక్కలు మన వీధి కరెంటు పనివాడు ఇచ్చాడు. ఇస్తూ "ఎంగిలి తీగకి నల్లది వాడండి, మా టీచర్ అలాగే చెప్పేది" అన్నాడు. ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి, ఆ మాట అంటూ తల దువ్వుకున్నాడు.

నలుగురేసి పిల్లల్ని జట్లు చేశాను. బోర్డు మీద ఏమీ వెయ్యలేదు. ఒక బల్బు, ఒక సెల్లు, రెండు తీగలు ఇచ్చి వెలిగించమన్నాను. ఇరవై నిమిషాలు ఎవరికీ వెలగలేదు. ఒక జట్టు రెండు తీగలూ సెల్లు ఒకే చివరకి కట్టింది. ఒకడు తీగ కదలకుండా సెల్లు మొనకి ముందు టేపు అతికించి, దాని మీద తీగ పెట్టాడు. నోటిదాకా వచ్చిన జవాబు మింగుతూ నిలబడ్డాను. మొదటి బల్బు వెలిగినప్పుడు పిల్లలు వేసిన కేకకి పక్క గది టీచరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

చిన్న సంగతి ఒకటి. బల్బు లేకుండా ఒకే తీగని సెల్లు రెండు చివర్లకీ అదిమి పట్టుకుంది ఎందుకమ్మ. తీగ వేడెక్కి వేలు కాస్త ఎర్రబడింది. కుళాయి కింద పెట్టించాను, సాయంత్రం వాళ్ళమ్మకి నేనే చెప్పాను. ఆవిడ నవ్వేసి, ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ఇంతకన్నా ఎక్కువే కాల్చుకుందని చెప్పింది. ఇంకెవరికీ తెలియదు, నువ్వూ ఎవరితో అనకు.

అత్తా, ఈ ఎంగిలి తీగ అన్న మాట నీకు ఎక్కడ దొరికింది?

నీ మేనకోడలు


మీ చిన్నత్త ఇల్లు
కట్టు వేసిన ముప్పై తొమ్మిదో రోజు

మేనకోడలికి,

ఆ మాట నాకు ఎక్కడా దొరకలేదు. అది నాది. నేను చేరిన మొదటి ఏడాది, బల్బు వెలిగించి చూపిస్తుంటే ముందు బెంచీ పిల్ల ఒకతె లేచి, కరెంటు ఒక తీగలోంచి బల్బుకి చేరుతుంది కదా, మరి రెండో తీగ ఎందుకని అడిగింది. గంట కొట్టడానికి రెండు నిమిషాలుంది. బల్బు కరెంటు తింటుందే, తినగా మిగిలిన ఎంగిలి రెండో తీగలో వెనక్కి పోతుంది అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. మనం ఇంట్లో ఈ ఫ్యాను కరెంటు ఎక్కువ తింటుంది, ఆ పొయ్యి తక్కువ తింటుంది అనమూ? అదే. ఆ రోజు నుంచి మన బడిలో అది ఎంగిలి తీగ. స్తంభాలెక్కే వాళ్ళూ, మోటార్లు బాగుచేసే వాళ్ళూ, ఈ ఊళ్ళో ఎవరు స్క్రూడ్రైవర్ పట్టినా నా మాటే అంటారు. నువ్వూ ఆ మాట నా క్లాసులో కూర్చుని నేర్చుకున్నదానివే. దాని జోలికి రాకు.

నా డబ్బా లేకుండా, నా చార్టు లేకుండా, నన్ను అడగకుండా పాఠం చెప్పావు. పైగా వాళ్ళు కేక వేశారని నాకే రాస్తున్నావు. నా క్లాసులో ఎప్పుడూ అంత కేక వెయ్యలేదు. బల్బు నేను వెలిగించేదాన్ని, వాళ్ళు చేతులు కట్టుకుని చూసేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి స్విచ్చి నొక్కనిచ్చేదాన్ని. నీ ఉత్తరం చదివాక అదంతా వెలవెలబోయింది, అందుకు నిన్ను మెచ్చుకోవాలనిపించలేదు. ఒళ్ళు మండింది.

పెద్ద టీచర్ అన్నది నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. తనిఖీ బాగా జరిగితే నాలుగో తరగతి నీకే ఉంచేస్తుందట. నాకు ఒకటో తరగతి ఇస్తుందట, రిటైరయ్యేలోపు ఉన్న రెండేళ్ళూ ముక్కులు తుడుస్తూ కూర్చోమని. ముఖ్యం కాదని రాశావు. నీకు కాదులే.

అత్త


స్టాఫ్ గది, రిజిస్టర్ల బల్ల

టీచర్ గారికి,

నమస్కారం. పది రోజులుగా నేను క్లాసులోకి వెళ్ళడం లేదు. పెద్ద టీచర్‌కి ఒక ఉత్తరం వచ్చింది. కొత్త టీచర్ చిన్నపిల్లల చేతికి తీగలిచ్చి వేళ్ళు కాల్పిస్తోందని, తల్లులకి బడి మీద నమ్మకం పోతోందని, అనుభవం ఉన్న టీచర్ వచ్చేదాకా ఆమెను క్లాసుకి దూరంగా ఉంచాలని అందులో ఉంది. కింద ‘ఒక తల్లి’ అని సంతకం. నేను రిజిస్టర్లకి అట్టలు వేస్తున్నాను. పిల్లల్ని ఆయా కాపలా కాస్తోంది. తనిఖీ వాయిదా పడింది. నేను ఉండాలో పోవాలో ఈ నెలాఖరున చెప్తామన్నారు.

ఆ ఉత్తరం నన్ను చదవమని ఇచ్చారు. వేలి సంగతి తెలిసిన తల్లి ఒక్కతే, ఆవిడ నవ్వేసిన మనిషి. ఇంకో మాట. పెద్ద టీచర్ గమనించారో లేదో నాకు తెలియదు. ఉత్తరానికి స్కేలుతో ఎర్ర మార్జిన్ గీసే తల్లులు ఈ ఊళ్ళో ఎవరున్నారు, మీరే చెప్పండి.

నేనెవరికీ చెప్పలేదు. మా నాన్నకి కూడా చెప్పలేదు. కానీ మీ దగ్గర దాచింది ఒకటుంది, ఇప్పుడు దాచాలనిపించడం లేదు. పాఠం చెప్పిన రోజు రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటి ఒకే దారిలో కట్టాం. ఏమవుతుందని అడిగితే పిల్లలందరూ ఒకటే చెప్పారు, ఇళ్ళల్లో మీ పాత పిల్లల నోట విన్నదే. మొదటి బల్బు కడుపునిండా తింటుంది, రెండోది ఎంగిలితో మసగ్గా వెలుగుతుంది. కట్టి చూస్తే రెండూ సమానంగా వెలిగాయి. బల్బులు అటూ ఇటూ మార్చాం, సెల్లు తిరగేశాం. సమానమే. బల్బు కరెంటుని తినదు. సెల్లులోంచి ఎంత వెళ్తుందో రెండో తీగలోంచి అంతా తిరిగొస్తుంది. తరిగేది సెల్లులో ఉన్న శక్తి. ఎంగిలి తీగంటూ ఏదీ లేదు, టీచర్ గారూ. మీరు ఇరవై రెండేళ్ళు తప్పు చెప్పారు.

మా టీచర్ తప్పు చెప్పిందా అని పిల్లలు నన్ను అడిగారు. ఆవిడ వచ్చాక ఆవిడనే అడుగుదాం అన్నాను. మంచం మీద ఉన్న మనిషికి ఎందుకులే అని మీకు రాయలేదు.

కుళ్ళు మీకొక్కరికే ఉందనుకోకండి. నేను మీ క్లాసులో చదివిన ఏడాది మీరు అందరినీ పేరు పేరునా పిలిచి స్విచ్చి నొక్కించారు. నన్ను పిలవలేదు. రేపు పిలుస్తారేమోనని వారం రోజులు జడలు గట్టిగా వేయించుకుని వచ్చాను. స్విచ్చి నొక్కిన ప్రతి పిల్లనీ చూసి ఏడ్చాను. మేనకోడలు కాని వాళ్ళందరికీ అత్త దొరికింది, నాకు మాత్రం టీచర్ దొరికింది, ఆవిడ కూడా నా వైపు చూడలేదు.

నాలుగో తరగతి బదులు టీచరు


మీ చిన్నత్త ఇల్లు, వరండాలో కుర్చీ
కట్టు విప్పిన నాలుగో రోజు

అమ్మాయికి,

నువ్వు టీచర్ గారూ అన్నావు, మీరు అన్నావు. ఆ ఉత్తరం రాసినందుకు నువ్వు నన్ను ఇంకేం అన్నా పడేదాన్ని. ఆ మీరు మాత్రం పడలేకపోయాను.

నేనే రాశాను. మార్జిన్ గీసింది చేతి అలవాటు, గీశానని కూడా నాకు తెలియలేదు. తాళంచెవి కూడా ఎక్కడా పోలేదు. ఆ ఉత్తరం పోస్టు చేయించాక రెండు రోజులు హాయిగా నిద్రపోయాను, అది కూడా నీకు తెలియాలి. సిగ్గు తర్వాత వచ్చింది.

నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. చదువుకున్న పిల్ల ఏదో రాసింది, కోపంలో ఉందిలే అనుకున్నాను. మీ చిన్నత్త చేత రెండు టార్చిలు విప్పించి, మంచం మీదే తీగలు కట్టాను. రెండు బల్బులూ ఒక్కలాగే వెలిగాయి. మార్చి కట్టాను. పది సార్లు మార్చి ఉంటాను. మీ చిన్నత్త చూసి ఎంత ముద్దుగా ఉన్నాయో అంది. లేచి అవతలికి పోదామంటే కాలు లేదాయె. ఏడాదికి నలభై మంది చొప్పున లెక్క వేయబోయి మానేశాను. ఆ మొదటి పిల్ల అడిగిన ప్రశ్న ఎంత మంచిదో ఇప్పుడు తెలిసింది. దానికి నేను తెలియదు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

నిన్ను ఎందుకు పిలవలేదో చెప్తాను. మన పిల్లకి ముందు ఇస్తే పదిమందీ ఏమంటారో అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నువ్వు అందరికన్నా ముందు చెయ్యెత్తేదానివి. నీ చేత్తో బల్బు వెలిగితే ఇంటికెళ్ళి మీ అమ్మకి చెప్తావు, ఆవిడ నిన్ను ఎత్తుకుని మురిసిపోతుంది. నాకు పిల్లలు లేరు. మా వదినకి ఆ మురిపెం నా చేత్తో నేను ఇవ్వలేకపోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర అలా చేశాను, ఇప్పుడు మళ్ళీ నీ దగ్గరే చేశాను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు.

పెద్ద టీచర్‌కి నిన్ననే రాశాను, ఈసారి నా సంతకంతో. ‘ఒక తల్లి’ నేనేనని చెప్పాను. నిన్ను వెంటనే క్లాసుకి పంపమన్నాను. నాలుగో తరగతి నీకే ఉంచమన్నాను, ఒకటో తరగతి నేను తీసుకుంటానన్నాను. దీన్ని చూసి అత్త మారిందని సంబరపడకు. ఆ మాట రాస్తున్నప్పుడు కూడా నీ మీద కుళ్ళుగానే ఉంది, రాసి అంటించేదాకా చెయ్యి ఆగుతూనే ఉంది.

ఒక్క పీరియడు మాత్రం నాకు కావాలి. సోమవారం వస్తాను. పిల్లలకి నేనే చెప్పుకుంటాను. ఆ సేపు నువ్వు ఆ గదిలో ఉండొద్దు. ముప్పై ఎనిమిది మంది ముందు ఒప్పుకోగలను, నీ ఒక్కదాని ముందు ఒప్పుకోలేను. కాగితం మీద అయితే ఇదిగో, ఒప్పుకున్నాను.

అత్త


నాలుగో తరగతి గది, సోమవారం, బడి వదిలాక

అత్తకి,

నువ్వు మూడు గదుల అవతల పలకలు సర్దుకుంటున్నావని తెలుసు. అయినా ఎదురుగా వచ్చి ఈ మాట చెప్పలేను, ఆయా చేత పంపిస్తున్నాను.

గదిలో ఉండొద్దన్నావు, ఉండలేదు. వరండాలో చెప్పుల అలమర పక్కన నిలబడ్డాను. నీ చేతికర్ర చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు, తర్వాత నీ గొంతు, అన్నీ విన్నాను. రెండో తీగ ఎందుకో నేను చెప్తూ వచ్చింది తప్పు అన్నావు. ఎన్నేళ్ళుగా చెప్తున్నావో కూడా చెప్పావు. బల్బు ఏమీ తినదని, వెళ్ళిందంతా తిరిగొస్తుందని నిదానంగా, తడబడుతూ చెప్పావు. ఎందుకమ్మే లేచింది.

"తెలియదని ఎందుకు చెప్పలేదు టీచర్?"

"సిగ్గేసిందే."

వాళ్ళు నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఎవడో, నాక్కూడా సిగ్గేస్తుంది టీచర్, అందుకే ఎక్కాలు వచ్చినట్టు పెదాలు కదుపుతాను అన్నాడు. ఇంకొకతె, పోయిన వారం హోంవర్కు అక్క చేత చేయించానంది. ఇక ఆగలేదు. బెంచీలు జరుపుకుని ఒక్కొక్కరే నీ దగ్గరికొచ్చి ఎన్నాళ్ళుగానో దాచుకున్నవన్నీ చెప్పేశారు. సందులోంచి చూశాను. ఒకడు నీ చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఇద్దరు నీ మోకాలికి ఆనుకున్నారు, ఎందుకమ్మ నీ ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ పిల్ల నన్ను రోజుకి ఇరవై ప్రశ్నలు అడుగుతుంది గానీ ఎప్పుడూ నా పక్కకి జరిగి కూర్చోలేదు.

అత్తా, నేను నేల మీద కూర్చున్నాను. ఈల వేశాను. వాళ్ళ చేత్తో వాళ్ళకి బల్బు వెలిగేలా చేశాను. ఒక్క తప్పు కూడా చెప్పలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఇళ్ళకి పోయారు. నువ్వు తప్పు చెప్పానన్నావు, వాళ్ళు నీ ఒళ్ళోకి వచ్చేశారు. గంట కొట్టాక కూడా లేవలేదు. క్లాసు ఇప్పుడు నాదే, హాజరు పట్టీ మీద నా సంతకమే. నేను లోపలికి వచ్చినప్పుడు మాత్రం అందరూ తలుపు వైపు నువ్వు పోయిన దారి చూస్తున్నారు.

కడుపు మండిపోయింది. నువ్వు ఆ ఉత్తరం ఎందుకు రాశావో నాకు ఆ నిమిషంలో తెలిసింది. నేనూ రాసేదాన్నే. నిన్ను క్షమించానని రాయలేను, అది ఇంకా రాలేదు. కానీ ఇంత కుళ్ళు పెట్టుకుని ఇంటికెలా పోను? నాన్నకి చెప్తే నవ్వుతారు, అమ్మకి చెప్తే నిన్ను తిడుతుంది. ఈ బాధేమిటో తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

నీ మేనకోడలు